మోకాలి కింద దిండు: కడపలో చూసిన ఒక కీలు మార్పిడి కేసు

నేను కడపలో ఫిజియోథెరపిస్టుని. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ల కాలు వంచడం, చాపించడం, మళ్లీ నడిపించడం నా రోజువారీ పని. ఈ కేసు రాయడానికి కారణం ఏంటంటే, ఇందులో ఆపరేషన్ బాగా జరిగింది, ఎక్స్‌రేలో వంక పెట్టడానికి ఏమీ లేదు, కుట్లు శుభ్రంగా మానాయి, అయినా పద్దెనిమిదో రోజు నా దగ్గరికి తీసుకొచ్చేసరికి ఆ పెద్దమ్మ కాలు తిన్నగా రావట్లేదు. తప్పు కత్తి దగ్గర జరగలేదు, మంచం దగ్గర జరిగింది. ఇంట్లోవాళ్లు ప్రేమగా మోకాలి కింద ఒక మెత్తటి దిండు పెట్టారు, అంతే. పేషెంటు, ఆమె కోడలు ఇద్దరూ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు, ఊరు, ఆపరేషన్ చేసిన ఆస్పత్రి చెప్పను.

ఆమెకు 64 ఏళ్లు. మైదుకూరు వైపు ఒక పల్లె. కేసీ కెనాల్ కింద కొంచెం భూమి, వయసులో ఉన్నప్పుడు నాట్లు వేసింది, పసుపు తవ్వింది, నెత్తిన గంపలు మోసింది. భర్త లేడు, కొడుకు కువైట్‌లో డ్రైవరు, ఇంట్లో ఆమె, కోడలు, ఇద్దరు పిల్లలు. షుగర్ పదేళ్ల నుంచి, బీపీ ఉంది. బరువు 78 కిలోలు, ఎత్తు ఐదడుగులకు కాస్త తక్కువ. మొదటిసారి నా దగ్గరికి ఆపరేషన్‌కి నాలుగు నెలల ముందు వచ్చింది. "నాయనా, రాత్రిపూట గూడా నొప్పి నిద్ర పోనీదు, బాత్రూంకి పోవాలంటే గోడ పట్టుకోని పోతాండా" అంది.

రెండు కాళ్లూ దొడ్డికాళ్లు. నిలబడితే రెండు మోకాళ్ల మధ్య నా పిడికిలి పట్టేంత సందు. కుడి మోకాలు ఎక్కువ నొప్పి. పూర్తిగా చాపితే పది డిగ్రీలు వంపు మిగిలిపోతోంది, వంచితే 95 దగ్గర ఆగిపోతోంది. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి తిరిగొచ్చి కూర్చోడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్ష ఒకటి మేం ప్రతి ఒక్కరికీ చేస్తాం, ఆమెకు 27 సెకండ్లు పట్టింది. నిలబడి తీసిన ఎక్స్‌రేలో లోపలివైపు ఎముకకు ఎముక ఆనుకుని ఉంది, నాలుగో గ్రేడు, అంటే అరుగుదలలో ఆఖరి మెట్టు. నిలబడి అని ఎందుకు చెప్తున్నానంటే పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో కీలులో ఎముకల మధ్య సందు ఉన్నట్టే కనిపించి మోసం చేస్తుంది, బరువు పడ్డప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. ఇంత స్పష్టంగా ఉన్న కేసుకి ఎమ్మారై స్కాన్ అక్కర్లేదు. అయినా వేలు పోసి స్కాన్ తీయించుకుని వచ్చేవాళ్లు చాలామంది.

ఇంకో మాట, మన వైపు కొన్ని ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. కడప, అనంతపురం రెండు జిల్లాల్లోనూ అలాంటి ఊళ్లున్నాయి. కాళ్లు వంకర, కీళ్లు బిగుసుకోవడం కనిపిస్తే అది మామూలు అరుగుదలా, ఫ్లోరోసిస్ కూడా ఉందా అని సర్జన్ చూసుకోవాలి, ఎందుకంటే ఫ్లోరోసిస్ ఉన్న ఎముక గట్టిగా, పెళుసుగా ఉంటుంది, ఆపరేషన్ తర్వాత వంగడం కూడా మెల్లగా వస్తుంది. మీ ఊరి నీళ్ల సంగతి డాక్టరుకు మీరే చెప్పండి. ఈమె ఊళ్లో ఆ సమస్య లేదు.

అసలు ఆపరేషన్ అవసరమా? నేను రెండు నెలలు ఆపి చూద్దామన్నాను. తొడ ముందు కండరానికి కసరత్తు, చేతికర్ర, నేల మీద కూర్చోవడం మానేయడం, బరువు తగ్గడం. ఆమె నాలుగు కిలోలు తగ్గింది, నిజంగా కష్టపడింది. సంగటి ముద్ద సగానికి తగ్గించిందని కోడలు చెప్పింది. నొప్పి కొంచెం తగ్గింది కానీ రాత్రి నొప్పి పోలేదు, నడక ఐదు నిమిషాలు దాటలేదు. అప్పుడు నేనే చెప్పాను, ఇంక సర్జన్ దగ్గరికి వెళ్లండని. ఎక్స్‌రేలో నాలుగో గ్రేడు ఉండి కూడా హాయిగా పొలం పోయొచ్చేవాళ్లను చూశాను, వాళ్లకు ఆపరేషన్ అక్కర్లేదు. నొప్పికి రాత్రి నిద్ర చెడుతోందా, నడక ఎంత తగ్గింది, మందులూ కసరత్తూ చేసి చూశారా, ఈ మూడు ప్రశ్నలకు జవాబు చూసుకోండి. ఇది ఎమర్జెన్సీ ఆపరేషన్ కాదు. "ఈ నెల చేయించుకోకపోతే కాలు పోతుంది" అని ఎవరైనా భయపెడితే ఇంకో డాక్టరును అడగండి.

జనంలో ఒక అపోహ ఉంది, చిప్ప తీసేసి కొత్త చిప్ప పెడతారని. "చిప్పలు మార్చుకున్నా" అనే అంటారు అందరూ. నిజానికి తొడ ఎముక కింది చివర, కాలి ఎముక పై చివర అరిగిన పొరను మిల్లీమీటర్ల లెక్కన చెక్కి, తొడ ఎముకకు ఒక లోహపు తొడుగు, కింది ఎముకకు ఒక లోహపు పళ్లెం, రెంటి మధ్య గట్టి ప్లాస్టిక్ ముక్క పెడతారు. పంటికి క్యాప్ వేసినట్టు అనుకోండి. ఎముక సిమెంటుతో అతికిస్తారు. చిప్ప లోపలివైపు మాత్రం కొందరు సర్జన్లు మారుస్తారు, కొందరు అలాగే ఉంచుతారు, రెండూ సరైన పద్ధతులే. దొడ్డికాలు కూడా ఆపరేషన్ బల్ల మీదే తిన్నగా అవుతుంది. ఎక్కువగా నడుముకు మత్తు ఇచ్చి చేస్తారు, సుమారు గంటన్నర పని.

ఎన్నేళ్లు వస్తుందని అందరూ అడుగుతారు. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనంలో, పూర్తి మోకాలి కీలు మార్పిడిలో సుమారు 82 శాతం 25 ఏళ్ల దాకా నిలుస్తాయని తేల్చారు. అందుకే 64 ఏళ్ల మనిషికి రెండోసారి చేయించుకోవాల్సి రావడం అరుదు, 48 ఏళ్ల మనిషికి ఆ లెక్క వేరు. దాంతోపాటు ఇంకో అంకె కూడా తెలుసుకోవాలి, వేర్వేరు దేశాల్లో చేసిన సర్వేల్లో వందమందిలో పది నుంచి ఇరవై మంది దాకా ఆపరేషన్ అయ్యాక పూర్తి సంతృప్తిగా లేమన్నారు. ఇది చెప్పి భయపెట్టాలని కాదు. ఇరవై ఏళ్ల నాటి మోకాలు తిరిగొస్తుందని ఆశపడి పోతే నిరాశే. రాత్రి నిద్ర, నొప్పి లేని నడక, తిన్నని కాలు, ఇవి వస్తాయి. బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, కింద గొంతు కూర్చోవడం వీటి మీద ఆశ పెట్టుకోవద్దు.

డబ్బు సంగతి. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల, అంటే లోపల అమర్చే ఆ కీలు భాగాల, ధరలకు గరిష్ఠ హద్దు పెట్టింది, ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పట్లో 54,720 రూపాయలు, పన్ను అదనం. అంతకు ముందు అదే వస్తువుకు లక్షన్నర దాకా గుంజేవాళ్లు. బిల్లులో ఇంప్లాంటు ధర విడిగా రాయమని అడగండి, డబ్బా మీది స్టిక్కర్ మీ ఫైల్లో అతికించమనండి. కంపెనీ, సైజు, నంబరు దాని మీదే ఉంటాయి, పదేళ్ల తర్వాత ఏదైనా సమస్య వస్తే ఆ స్టిక్కరే ఆధారం. ప్రభుత్వ పథకం వర్తిస్తుందా లేదా అనేది ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర ముందే కనుక్కోండి, అడ్మిట్ అయ్యాక కాదు. రోబోతో చేస్తామంటే దాని అర్థం రోబో ఒక్కటే చేసేస్తుందని కాదు, కోత కొలతలో సర్జన్‌కు అది సాయం. కొలత కచ్చితంగా వస్తుంది, కానీ పేషెంటు నడకలో ఏళ్ల తర్వాత పెద్ద తేడా ఉంటుందని ఇంకా గట్టిగా రుజువు కాలేదు. దాని కోసం అప్పు చేయాల్సిన పని లేదు.

ఈమె కేసులో ఆపరేషన్ తేదీ ఖాయమైంది. కానీ పరీక్షలప్పుడు మాటల్లో మాటగా ఒక విషయం బయటపడింది, ఐదు వారాల కిందట ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర మోకాలికి ఇంజెక్షన్ వేయించుకుంది. "గుజ్జు ఇంజెక్షన్" అన్నారట. చీటీ తెప్పించి చూస్తే అది స్టెరాయిడ్. కీలులోకి స్టెరాయిడ్ వేశాక మూడు నెలలు గడవకుండా కీలు మారిస్తే చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. సర్జన్ తేదీ వాయిదా వేశారు. ఇంట్లో అందరికీ టెన్షన్, కొడుకు అప్పటికే కువైట్ నుంచి సెలవు పెట్టుకున్నాడు, టికెట్ డబ్బులు పోయాయి. అయినా వాయిదా వేసిన ఆ సర్జన్ అంటే నాకు గౌరవం. పెట్టిన కీలుకు ఇన్ఫెక్షన్ వస్తే, అది వందలో ఒకరిద్దరికే అయినా, మళ్లీ తెరవడం, కొన్నిసార్లు పెట్టింది మొత్తం తీసేయడం, నెలల తరబడి యాంటీబయాటిక్స్, ఆ బాధ నేను దగ్గరుండి చూశాను. అందుకే మోకాలికి ఎవరు ఏ ఇంజెక్షన్ వేసినా చీటీ పారేయకండి.

ఆ గడువులోనే మిగతా పనులు చేయించాం. మూడు నెలల షుగర్ సగటు, అదే హెచ్‌బీఏ1సీ, 8.9 నుంచి 7.3కి తెచ్చారు. ఒక పిప్పి పన్ను తీయించారు. కాలి వేళ్ల మధ్య పాచిపోయిన చర్మానికి మందు వాడారు, పొలంలో నీళ్లలో తిరిగేవాళ్లలో ఇది చాలామందికి ఉంటుంది, చిన్నదే అనుకుంటారు కానీ క్రిములు రక్తంలోకి దిగడానికి అదే దారి. రక్తం పలుచనయ్యే మాత్రలు వాడేవాళ్లు వాటిని ఎప్పుడు ఆపాలో గుండె డాక్టరునీ మత్తు డాక్టరునీ అడిగి ఆపాలి, సొంతంగా కాదు.

రెండు మోకాళ్లూ ఒకేసారి చేయించుకోమని బంధువులు చెప్పారు, ఒకే ఖర్చు, ఒకే మంచం పట్టడం అని. గుండె, ఊపిరితిత్తులు గట్టిగా ఉన్నవాళ్లలో సర్జన్లు చేస్తారు. షుగరూ బీపీ ఉన్న మనిషికి, చూసుకోడానికి ఇంట్లో ఒక్క కోడలే ఉన్నప్పుడు, ఒకటి చేయించుకుని చూద్దామన్నారు సర్జన్. నాకూ అదే సబబనిపించింది.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఆపరేషన్‌కు ముందు నేను పెద్దమ్మకు అన్నీ నేర్పించాను, వాకర్ పట్టడం, మంచం దిగడం, మడమ కింద దిండు పెట్టుకుని మోకాలు కిందికి నొక్కడం. ఆమె చక్కగా చేసి చూపించింది. కానీ ఆ రోజు కోడలు రాలేదు, పక్కింటామెతో వచ్చింది. మోకాలి కింద దిండు పెట్టొద్దు అని పెద్దమ్మకు చెప్పాను, కోడలికి చెప్పలేదు, కాగితం మీద రాసివ్వలేదు. ఆపరేషన్ తర్వాత మొదటి పది రోజులు నొప్పిలో ఉన్న మనిషి నేర్చుకున్నది గుర్తుపెట్టుకుని ఇంట్లోవాళ్లతో వాదిస్తుందని నేనెలా అనుకున్నానో తెలీదు.

ఆపరేషన్ వేరే ఊళ్లో ఒక ఆస్పత్రిలో జరిగింది. మరుసటి రోజే వాకర్‌తో నిలబెట్టి నాలుగడుగులు నడిపించారు, నాలుగో రోజు ఇంటికి పంపారు. డిశ్చార్జి కాగితంలో మందులన్నీ వివరంగా ఉన్నాయి, కసరత్తు గురించి మాత్రం "ఫిజియోథెరపీ చేయించుకోవాలి" అని ఒక్క ముక్క. రెండు వారాలకు కుట్లు విప్పారు. అక్కడ ఎవరో "వంచకపోతే బిగుసుకుపోతుంది" అని చెప్పారు, ఆ మాట మాత్రం వీళ్లకు బాగా ఎక్కింది. కాలు చాపడం గురించి ఎవరూ చెప్పలేదు.

పద్దెనిమిదో రోజు ఆటోలో తీసుకొచ్చారు. వాకర్‌తో లోపలికి వచ్చేటప్పుడే చూశాను, కుడి మడమ నేలకు ఆనట్లేదు, మునివేళ్ల మీద కుంటుతోంది. బల్ల మీద పడుకోబెట్టి మోకాలి వెనక చెయ్యి పెడితే నా నాలుగు వేళ్లు నిలువుగా దూరాయి. కీలు వంపు కొలిచే గోనియోమీటర్ పెడితే 20 డిగ్రీల వంపు. ఆపరేషన్‌కు ముందు పది, ఇప్పుడు ఇరవై. వంగడం 75. ఎలా పడుకుంటావు పెద్దమ్మా అని అడిగితే కోడలే చెప్పింది, "అత్తకు హాయిగా ఉంటుందని కింద దిండు పెట్టినాం సార్, రాత్రంతా గూడా." పైగా పడుకునేది నవారు మంచం, మధ్యలో లోతుగా దిగిపోయింది. అంటే రోజుకు ఇరవై గంటలు మోకాలు వంగే ఉంది.

దిండు పెడితే హాయిగా ఎందుకుంటుందో చెప్పాలి, లేకపోతే ఎవరూ తీయరు. ఆపరేషన్ అయిన కీలులో రక్తం, నీరు చేరి ఉంటాయి. మోకాలు కొంచెం వంచినప్పుడు లోపల చోటు పెరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది. శరీరం ఆ భంగిమనే కోరుకుంటుంది. కానీ ఆ భంగిమలో వారాలు ఉంటే వెనక కండరాలు కుంచించుకుంటాయి, కీలు వెనకనున్న సంచి గట్టిపడుతుంది. మూడు నెలలు దాటితే దాన్ని సాగదీయడం చాలా కష్టం. చాపలేని మోకాలితో ఏమవుతుందో తెలియాలంటే ఇప్పుడే లేచి రెండు మోకాళ్లూ కొంచెం వంచి రెండు నిమిషాలు నిలబడి చూడండి, తొడలు మండిపోతాయి. తిన్నటి మోకాలు ఎముక మీద ఎముక నిలబడి బరువు మోస్తుంది, వంగిన మోకాలిలో కండరమే నిలబడ్డంతసేపూ మొయ్యాలి. కాలు పొట్టిదైనట్టు అవుతుంది, నడుం నొప్పి వస్తుంది, రెండో మోకాలు ఇంకా అరుగుతుంది. వంగడం కొంచెం తక్కువైనా బతుకు గడుస్తుంది, చాపడం రాకపోతే ప్రతి అడుగూ కష్టమే. మన ఇళ్లల్లో అందరి ధ్యాసా వంగడం మీదే ఉంటుంది, "ఎంత వంగుతోంది" అనే అడుగుతారు. "ఎంత చాపుతోంది" అని నన్ను అడిగిన బంధువు లేడు.

అదే రోజు ఇంకో సంగతి గమనించాను. పిక్క వాచి, నూనె మెరుస్తోంది. వాపు దిగడానికి వేడి నూనె రాసి కిందనుంచి పైకి గట్టిగా పిసుకుతున్నారట, రోజుకు రెండుసార్లు. ఆపరేషన్ తర్వాత పిక్క సిరల్లో రక్తం గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది, దానికే మాత్రలో ఇంజెక్షనో ఇస్తారు, దానికే మరుసటి రోజే నడిపిస్తారు. ఆ గడ్డ పిసుకుడుకు కదిలి ఊపిరితిత్తులకు పోతే ప్రాణం మీదికొస్తుంది. నేను కసరత్తు మొదలుపెట్టలేదు, ముందు సిరల్లో గడ్డ ఉందేమో చూసే డాప్లర్ స్కానుకు పంపాను, సర్జన్‌కు ఫోన్ చేశాను. గడ్డ లేదని వచ్చాకే మర్నాడు పని మొదలైంది. పిక్కలో నొప్పి, బిగువు, ఒక్కసారిగా పెరిగిన వాపు ఉంటే పిసకొద్దు, డాక్టరుకు చూపించండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే నాకో ఇంకో ఫిజియోకో ఫోన్ చేయొద్దు, నేరుగా 108. జ్వరం, కుట్టులోంచి చెమ్మ, తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరగడం, వీటికి ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికే పోవాలి, ఊళ్లో యాంటీబయాటిక్ మాత్రలు మింగి పైపైన మాపుకోవద్దు.

చికిత్స ఏం చేశామంటే, మొదట మంచం మార్చాం. నవారు మంచం మీద ప్లైవుడ్ పలక వేసి దాని మీద పలుచటి బొంత. దిండు మోకాలి కిందనుంచి తీసి మడమ కిందికి పోయింది, మోకాలి వెనక గాలి ఆడాలి, అదే బరువుకు మెల్లగా కిందికి దిగాలి. పది నిమిషాలు, రోజుకు ఐదుసార్లు. రెండో వారం నుంచి తొడ మీద, చిప్పకు పైన, కుట్టుకు తగలకుండా కిలో కందిపప్పు ప్యాకెట్టు. ఇది మీ మోకాలిని చూసిన ఫిజియో చెప్పకుండా చేయొద్దు. కసరత్తుకు అరగంట ముందు నొప్పి మాత్ర, అయ్యాక తడిగుడ్డలో చుట్టిన ఐసు పదిహేను నిమిషాలు. నొప్పి మాత్ర అలవాటవుతుందని మానేసి, నొప్పికి కసరత్తు మానేసి, అలా రెండు విధాలా నష్టపోయినవాళ్లు ఎంతమందో.

మొదటి వారం చాలా కష్టంగా గడిచింది. మడమ కింద దిండు పెట్టిన మూడో నిమిషానికి ఏడ్చేది. "చంపుతాండావు నాయనా" అనేది. ఒక రాత్రి కోడలు చూడలేక దిండు మళ్లీ మోకాలి కిందికి జరిపింది, పొద్దున్నే ఫోన్ చేసి తనే చెప్పింది. నేను కోప్పడలేదు. అర్ధరాత్రి అత్త మూలుగుతుంటే పక్కన ఉండేది ఆమె, నేను కాదు. కొడుకుతో వీడియో కాల్‌లో మాట్లాడించాం, ఆయన రోజూ డ్యూటీ దిగి ఫోన్ చేసే టైముకే ఒక పది నిమిషాల కసరత్తు పెట్టాం. కొడుకుతో మాట్లాడుతూ ఉంటే పది నిమిషాలు పన్నెండయ్యేవి. ఇది ఏ పుస్తకంలోనూ లేని చికిత్స, ఈ కేసులో అన్నిటికంటే బాగా పనిచేసింది ఇదే.

చాపడం వచ్చిందా లేదా చూసుకోడానికి నేను ఇంట్లోవాళ్లకు నేర్పేది ఒక నోటుబుక్కు కాగితం. కాలు చాపి కూర్చోబెట్టి మోకాలి వెనక కాగితం పెడతాను, పేషెంటు మోకాలిని కిందికి నొక్కి పట్టాలి, నేను కాగితం లాగుతాను. మొదట్లో కాగితం అటూ ఇటూ ఎగిరేది, కింద అంత చోటు. నాలుగో వారానికి 12 డిగ్రీలు మిగిలింది, వంగడం 88. ఆరో వారానికి ఏడు, 98. ఎనిమిదో వారం ఒక సోమవారం పొద్దున కాగితం లాగితే ఒక మూల చిరిగింది, మిగతాది కిందే ఉండిపోయింది. కోడలు ఆ కాగితాన్ని పడేయనివ్వలేదు. మూడు నెలలకు పూర్తిగా చాపడం వచ్చింది, వంగడం 112. కుర్చీ పరీక్ష 27 సెకండ్ల నుంచి 12కు దిగింది. ఆరేడు వారాల్లో వంగడం 90 దాటకపోయినా సర్జన్‌కు చెప్పాలి, మత్తిచ్చి వంచే పద్ధతి ఉంది, కానీ అది మొదటి మూడు నెలల లోపే బాగా పనిచేస్తుంది.

ఈ మధ్యలో ఆమె అడిగిన ప్రశ్నలే రోజూ అందరూ అడుగుతారు, కాబట్టి నా జవాబులు ఇక్కడే పెడతాను. కుట్టుకు బయటివైపు చర్మం మొద్దుబారింది, అక్కడ తాకితే తెలీదు, భయపడాలా? అక్కర్లేదు, కోతలో సన్నటి నరాలు తెగుతాయి, ఆ మొద్దు చాలామటుకు తగ్గుతుంది, కొంచెం ఎప్పటికీ ఉండొచ్చు. మోకాలు వేడిగా ఉంది? ఎరుపు, జ్వరం లేకుండా కొద్దిపాటి వేడి, వాపు నెలల తరబడి ఉండటం మామూలే. నడిస్తే టక్ టక్ మంటోంది? లోహం, ప్లాస్టిక్ తగిలే చప్పుడు, నొప్పి లేకపోతే వదిలేయండి. విమానం ఎక్కొచ్చా, కొడుకు దగ్గరికి కువైట్ పోవాలి? పోవచ్చు, ఎయిర్‌పోర్టులో మెషీన్ మోగుతుంది, కీలు మార్చిన సంగతి చెప్పండి, కాలు చూపించండి. మొదటి కొన్ని వారాల్లో మాత్రం దూరపు విమానం వద్దు, రక్తం గడ్డల భయం.

తిరుమల మెట్లెక్కొచ్చా అన్నది మాత్రం ఆమెకు మామూలు ప్రశ్న కాదు. కాలు బాగైతే నడిచి వస్తానని మొక్కుకుంది. అలిపిరి దారిలో 3,550 మెట్లు. నేను వెంటనే వద్దనలేదు, మొక్కు అనేది నా గోనియోమీటర్‌తో కొలిచేది కాదు. సర్జన్‌ను అడిగాం, ఏడాది గడవనివ్వమన్నారు, ఆయనే ఒక మధ్యేమార్గం చెప్పారు, మొదటి కొన్ని మెట్లకు పసుపు కుంకుమ పెట్టి ఎక్కి, మిగతాది బస్సులో పొమ్మని. ఆమె అలాగే చేసింది, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు అని నేను నేర్పింది గుర్తు పెట్టుకుని, ఒక చేత్తో రెయిలింగ్ పట్టుకుని.

ఇంట్లో మార్చినవి కూడా రాయాలి, ఎందుకంటే కింద పడితే ఇంత శ్రమా వృథా. మన ఇళ్లల్లో నేలంతా కడప బండలు, నున్నగా ఉంటాయి, తడి పడితే జారుడుబల్లే. బాత్రూంలో గరుకు మ్యాట్ వేసి గోడకు ఇనుప రాడ్డు కొట్టించాం. గొంతు కూర్చునే దొడ్డి మీద పెట్టే కమోడ్ కుర్చీ కొన్నారు. వరండాలో గోనెపట్టాలు, చాపలు అన్నీ తీయించాం, గడప పక్కన పట్టుకోడానికి ఒక కొయ్య. కుర్చీ ఎత్తు మోకాలి కంటే తక్కువ ఉండకూడదని కాళ్ల కింద ఇటుకలు పెడితే, వద్దని తీయించి ఎత్తైన కుర్చీ తెప్పించాను, ఇటుకలు జారితే ఎవరు దిక్కు.

ఏడాది చెకప్‌కి వచ్చింది. కుడి మోకాలు పూర్తిగా చాపుతోంది, 115 వంగుతోంది, సాయంత్రం కాలవ గట్టు మీద అరగంట నడుస్తోంది, రాత్రి నిద్ర పడుతోంది. కింద కూర్చోదు, పూజ స్టూలు మీద కూర్చునే చేస్తుంది, అది మాత్రం ఇంకా మనసుకు కష్టంగానే ఉందట. పన్ను తీయించుకునే ముందు, కాలికి పుండు పడితే, డాక్టరుకు కీలు సంగతి చెప్పాలని గుర్తుంది. ఎడమ మోకాలు కూడా నాలుగో గ్రేడే, కానీ కుడికాలు గట్టిపడ్డాక దాని నొప్పి సగం తగ్గింది, రాత్రి నొప్పి లేదు. ఇప్పుడే వద్దు, ఆరు నెలలు కసరత్తు చేస్తూ చూద్దామని సర్జన్ అన్నారు. ఒకవేళ చేయించుకోవాల్సి వస్తే ముందు ఏం చేయాలో మాట్లాడదామని నేను కోడలిని కూడా కూర్చోమన్నాను. రాసివ్వడానికి కాగితం తీశాను. ఆమె నాకంటే ముందే అడిగింది: "సార్, ఆస్పత్రి మంచం కూడా మెత్తగా ఉంటే మన పలక తీసుకుపోనిస్తారా?"